ముత్తెన్న బొడ్డూ, భూమవ్వ ఆముదమూ

బాన్సువాడ బస్టాండు ముందు నిలబడి "ముత్తెన్న ఇల్లెక్కడ?" అని అడిగితే "ఏ ముత్తెన్న?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. "బొడ్డు ముత్తెన్న" అని చూడండి, ఆటోవాడు కిరాయి కూడా మాట్లాడకుండా ఎక్కించుకుంటాడు. మనుషుల పేర్ల ముందు ఇంటిపేరు ఉంటుంది, ఊరిపేరు ఉంటుంది. బొడ్డు పేరు ఉన్నవాడు మాత్రం నాకు తెలిసి ఈయనొక్కడే. ఆ పేరు పెట్టింది నేనే. ఎనిమిదిలో బడి మానేసిన పోచన్నకు ఇంత తెలివా అని మీకు అనుమానం రావచ్చు. తొమ్మిది కూడా చదివి ఉంటే ఊరంతటికీ పెట్టేవాణ్ని.

ముత్తెన్నకు మూడెకరాల వరి, రెండెకరాల చెరకు. మంచి రైతు. అయితే మంచి రైతులు మా దగ్గర చాలామంది ఉన్నారు, అటువంటి పొట్ట ఇంకొకరికి లేదు. గంగాళం బోర్లించినట్టు గుండ్రంగా, నున్నగా ఉండేది. పెళ్లిళ్లలో బంతి వేస్తే ఆయన పక్కన చోటు కోసం జనం తోసుకునేవారు. వడ్డించేవాళ్లు ఆయన విస్తరి దగ్గర ఎక్కువసేపు ఆగుతారు కదా, పక్కవాడికి కూడా రెండు ముక్కలు ఎక్కువ పడతాయి. నేను అలాగే పెరిగాను.

ఆ పొట్ట నడిమధ్యన బొడ్డు. నా బొటనవేలు మొదటి గణుపు దాకా దిగేది. కొలిచే చెబుతున్నాను.

దాని వెనక భూమవ్వ ఉంది. భూమవ్వ అంటే ముత్తెన్న తల్లి. కొడుకు పుట్టిన పదకొండో రోజున మొదలుపెట్టి, రోజూ పొద్దుగూకే ముందు, స్నానం కాగానే, వెల్లకిలా పడుకోబెట్టి బొడ్డులో ఒక చుక్క ఆముదం వేసేది. ఒంట్లో వేడి దిగాలంటే బొడ్డే దారి అని ఆమె నమ్మకం. కొడుకు పెరిగాడు. మీసం వచ్చింది. ప్రేమలతో పెళ్లయింది. నడినెత్తిన జుట్టు రాలిపోయింది. ఆముదం మాత్రం ఆగలేదు. నలభై ఆరేళ్ల మనిషి పొలం నుంచి వచ్చి, నాలుగు చెంబులు పోసుకుని, వాకిట్లో నులకమంచం మీద వాలిపోయి "అవ్వా, వెయ్యి" అనేవాడు. అవ్వ ఇత్తడి గిన్నె, కోడి ఈక పట్టుకొచ్చి, ఈకను ఆముదంలో ముంచి బొడ్డులో ఒక తిప్పు తిప్పేది. ముత్తెన్న కళ్లు మూసుకుని "హా..." అనేవాడు. ఆ "హా" మూడిళ్లకు వినిపించేది. పక్కిల్లు మాదే. మా ఇంట్లో దాన్ని బట్టే రాత్రి వంటకు పొయ్యి ముట్టించేవాళ్లు.

ఈక సంగతి కూడా చెప్పుకోవాలి. అది 1991లో కోసిన ఒక పుంజుది. పుంజు ఆ రోజే కూరైపోయింది, ఈక మాత్రం ఉద్యోగంలో చేరింది. "జెర మార్చరాదే అవ్వా" అని నేనెన్నోసార్లు అన్నాను.

"మంచిగనే ఉన్నది గదరా పోచిగా. వాడంగ వాడంగ మెత్తగైంది. కొత్తది గీరుకపోతది" అనేది.

1993లో వడ్లు నూర్చేటప్పుడు ఒక గింజ ఎగిరొచ్చి ఆ బొడ్డులో పడింది. లోపల ఆముదం, పైన చెమట, అడుగున ఒంటి వేడి. ఇంకేం కావాలి? నాలుగో రోజు మొలక, ఆరో రోజు రెండాకులు. ఈ సంగతి హోటల్లో చెబితే, అది సన్నరకమా దొడ్డురకమా అని రెండు గంటలు కొట్లాట జరిగింది గానీ, మొలిచిందా లేదా అని ఒక్కడూ అడగలేదు. ప్రేమల వదిన మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు. "మొలక లేదు, గిలక లేదు. పొట్టు ఇరికింది, అంతే" అంటుంది. ఇంటివాళ్లకు ఇంట్లోని వింతలు కనిపించవు.

బొడ్డు పైన ఇంత భోగం జరుగుతుంటే, లోపల పేగు వేరే ఆలోచనలో ఉంది.

1999 ఎండాకాలం ఒక పెళ్లిలో ముత్తెన్న తన స్థాయికి తగ్గట్టు తిన్నాడు. మర్నాడు పొద్దున పొట్ట ఇంకా ఉబ్బింది. మధ్యాహ్నానికి వేలితో కొడితే డప్పు మోగినట్టు మోగింది. కిందికి గాలి లేదు, ఏదీ లేదు. నా ఆటోలో వేసుకుని నిజామాబాద్ బయలుదేరాను. అప్పటి రోడ్డు మీకు తెలియదు. గుంతలకు పేర్లుండేవి. ఒకటి బర్రె గుంత, ఒకటి పెళ్లికొడుకు గుంత. పెళ్లికొడుకు గుంతలో ముందు చక్రం దిగి లేచేసరికి, వెనక సీట్లో ఒక చప్పుడయింది. నా ఆటో టైరు పేలిందనుకుని దిగి చూశాను. టైర్లు మూడూ బాగున్నాయి. ఎదురుగా వస్తున్న సైకిలువాడు మాత్రం సైకిలు వదిలేసి చెరకు తోటలో దూకాడు.

"పోచన్నా, ఆటో తిప్పు. తక్కువైంది" అన్నాడు ముత్తెన్న.

పొట్ట మామూలుగా ఉంది. 2001లో మళ్లీ ఉబ్బింది, బర్రె గుంత దగ్గర తగ్గింది. 2003లోనూ అంతే. డాక్టర్ మొహం చూడకుండా ముమ్మారు బాగుచేశాను. కావలసింది చదువు కాదు, పాత ఆటో.

2006లో కథ అడ్డం తిరిగింది. అంతకు ముందు ఏడే ఆ దారికి కొత్త తారు వేశారు. అద్దంలా ఉంది. వెనక సీట్లో ముత్తెన్న పొట్ట పట్టుకుని మూలుగుతున్నాడు, నేను గుంత కోసం వెతుకుతున్నాను. పదిహేను కిలోమీటర్లు పోయినా ఒక్క కుదుపు లేదు. చివరికి ఆటోను రోడ్డు దింపి పొలం గట్టు మీదికి ఎక్కించబోతే ప్రేమల వదిన నా వీపు మీద ఒకటి వేసింది.

"మనిషి సస్తుంటే నీ ఆటలేందిరా! సక్కగ దవాఖానకు నడువు!"

నిజామాబాద్ దవాఖానలో డాక్టర్ పేరు గోవర్ధన్. పెద్ద కొడప్‌గల్ పక్క తండాలో పుట్టి, పట్నంలో పెద్ద చదువు చదివి వచ్చినవాడు. ఫొటో తీయించి చూసి, "పేగు మెలిక పడ్డది" అన్నాడు. "నీకు పెద్దపేగు అవసరమున్నదానికన్న పొడుగున్నది. పలుపుతాడు తిరిగినట్టు తిరుగుతుంది. ఇంతకు ముందు ఎన్నిసార్లు ఉబ్బింది?"

"మూడుసార్లు సార్. మా పోచన్న ఆటోల తగ్గింది."

డాక్టర్ నావైపు చూశాడు. నేను వినయంగా నమస్కారం పెట్టాను. ఇద్దరం ఒకే వృత్తిలో ఉన్నవాళ్లం.

ముందు కింది నుంచి ఒక గొట్టం పంపి గాలి తీశాడు. నేను గది బయటే ఉన్నాను కాబట్టి బతికాను. అప్పుడు కరెంటు లేదు, అయినా లోపల ఫ్యాను తిరిగింది. గోడ మీది క్యాలెండర్ మార్చి నుంచి జూన్‌కు వచ్చేసింది. నర్సు ప్రసన్న బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

ఆ సాయంత్రం డాక్టర్ మంచం పక్కన కూర్చుని సంగతంతా చెప్పాడు. గాలి తీసినా మెలిక మళ్లీ పడుతుంది. పొడుగున్న పేగు కోసి, రెండు కొసలూ అతికించాలి. పొట్ట నిలువునా కొయ్యక్కర లేదు. మూడు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లో కెమెరా, మిగతావాటిలో పనిముట్లు. కోసిన ముక్కను బొడ్డు దగ్గర మూడు వేళ్ల వెడల్పు కోసి బయటికి తీస్తారు.

"చిన్న బొక్కలే గదా, ఫికరేముంది సార్?" అన్నాడు ముత్తెన్న.

"వరి పండిస్తవు గదా నువ్వు. గట్టుకు పెద్ద గండి పడ్డా మడి ఎండుతది, ఎండ్రికాయ బొక్క పడ్డా ఎండుతది. అవునా? పెద్ద కోతకన్న చిన్న కోతకు చీము పట్టుడు తక్కువే. తక్కువ అంటే లేదని కాదు. పేగుల కోట్ల పురుగులుంటయి. అండ్లనే ఉన్నన్ని దినాలు మంచియే, నీ అన్నం అరిగిస్తయి. కోతల పడ్డయంటే ఊకోవు. ముక్కను తీసేటప్పుడు బొడ్డు కోతకు ప్లాస్టిక్ తొడుగు వేస్తం, మురికి అంటకుండ. కొయ్యక ముందే సూది మందిస్తం. అయినా చెడితే ముందు చెడేది బొడ్డు దగ్గరనే."

"లోపల అతుకు చెడితే?" అని అడిగింది ప్రేమల వదిన. ఆ ఇంట్లో అడగవలసినవి అడిగేది ఆమె ఒక్కతే.

"అప్పుడు పొట్ట నిలువునా కోసి కడగాలె. పేగును పొట్ట మీదికి తెచ్చి సంచి పెట్టాలె. కొన్ని నెలలు దొడ్డికి అండ్లనే."

ముత్తెన్న చావంటే భయపడని మనిషి. ఒకసారి చెరకు తోటలో అడవిపందికి ఎదురు నిలబడి దాన్నే పారిపోయేలా చేశాడు. కానీ సంచి అనేసరికి నా చెయ్యి పట్టుకున్నాడు.

"సంచి పెట్టుకొని బంతిల ఎట్ల కూసుంటరా పోచన్నా? పక్కపొంటి ఎవడు కూసుంటడు?"

నేను కూర్చుంటానని చెప్పాను. ఆయన నమ్మలేదు. నేనూ పెద్దగా నమ్మలేదు.

ఆపరేషన్ ముందు రోజు ప్రసన్న దూది, సబ్బునీళ్లు తీసుకొచ్చి బొడ్డు కడగడం మొదలుపెట్టింది. ఐదు నిమిషాలకు ఇంకా దూది తెప్పించింది. పది నిమిషాలకు ఇంకో సిస్టర్‌ను పిలిచింది. బావి పూడిక తీసినట్టు తీస్తూనే ఉన్నారు. ఆముదం గట్టిపడి నల్లటి బంకయింది. చెరకు పీచు వచ్చింది. చివరికి పట్టకారు లాంటి చిమటాతో ఒకటి పైకి లాగి, వెలుతురులో పెట్టి చూసి, "ఇదేంది, వరి పొట్టా?" అంది.

గదిలో నేను ఎగిరి గంతేశాను. పదమూడేళ్లు నన్ను అబద్ధాలకోరు అన్నవాళ్లందరి మీద ఆ పొట్టు సాక్షి. ఇంటికి పట్టుకుపోతానంటే ఇవ్వలేదు.

"ఎవరు పోస్తరు నీకు ఆముదం?" అని డాక్టర్ అడిగాడు.

"మా అవ్వ సార్. పుట్టిన కాడికెల్లి."

డాక్టర్ నవ్వాడు. "మా తండాల అమ్మను యాడి అంటం. మా యాడి మంగ్లి కూడా పోసేది. ఇప్పటికీ తండాకు పోతే గిన్నె పట్టుకొస్తది. కని, నేను చెప్పేదాక నీ బొడ్డుల చుక్క పడొద్దు. ఆముదం లేదు, పసుపు లేదు, వేలు లేదు. సమజైందా?"

ఆపరేషన్ బాగా జరిగింది. తీసిన పేగు ఎంత పొడుగుందంటే... డాక్టర్ మూరెడు అన్నాడు. డాక్టర్లకు సరిగ్గా కొలవడం రాదు. నేను బాన్సువాడలో చెప్పిన లెక్క ప్రకారం దాంతో రెండు ఎడ్లను కట్టెయ్యవచ్చు.

ఆరో రోజు ఇంటికి తీసుకొచ్చాను. ప్రసన్న కాగితం మీద జాగ్రత్తలు రాసిచ్చింది: చేతులు కడగకుండా ముట్టరాదు, కోత తడవరాదు, జ్వరం వచ్చినా, ఎర్రబడినా, చీము కారినా వెంటనే రావాలి. దాన్ని తలుపుకు అతికించి, వచ్చినవాళ్లకు నేనే చదివి వినిపించాను. చివర "కొబ్బరిబోండాలు పోచన్నకు ఇవ్వవలెను" అని ఒక వాక్యం కలిపాను.

పలకరించడానికి ఊరు ఊరంతా వచ్చింది. అందరికంటే ముందు పిట్లం నుంచి భూమేశ్ దిగాడు, ముత్తెన్న అక్క మొగుడు. ఆయనకు 1988లో కడుపు ఆపరేషన్ అయింది. జానెడు మచ్చ ఉంది. ఆ మచ్చ చూపించకుండా ఎవరింట్లోనూ టీ తాగి ఎరగడు.

"ఏది బామ్మర్దీ, చూపియ్యి" అన్నాడు. ముత్తెన్న చొక్కా ఎత్తాడు. భూమేశ్ వంగి చూసి, తన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "గిదేం ఆపరేషనే! దోమలు కుట్టినట్టున్నది. ఇదుగో, ఆపరేషన్ అంటే ఇట్లుంటది" అని తన చొక్కా ఎత్తాడు.

"నీది గొడ్డలితోని చేసిండ్రు బావా. నాది కంప్యూటర్‌తోని" అన్నాడు ముత్తెన్న.

అందరూ నవ్వారు. భూమవ్వ నవ్వలేదు. ఆమె పొద్దు వైపు చూస్తోంది.

పొద్దు వాలగానే గిన్నె, ఈక పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది.

"వద్దే అవ్వా. డాక్టర్ చెప్పేదాక ఎయ్యొద్దన్నడు."

"నలభై ఆరేండ్ల సంది ఏస్తున్న. గా పిలగాడు ఆరు దినాల్ల బంద్ చేసిండా?"

"చీము పడతదట అవ్వా. చీము పడితే సంచి పెడతరట."

అవ్వ గిన్నె పట్టుకుని లోపలికి పోయింది. రెండో రోజు మళ్లీ వచ్చింది, మంచం కోడు మీద చెయ్యి వేసి కూర్చుని పోయింది. మూడో రోజు గిన్నె మీద ఆకు కప్పి అటక మీద పెట్టేసింది. ఆ పూట అన్నం ముట్టలేదు. ముత్తెన్న అంతా చూస్తూ పడుకున్నాడు.

నాలుగో రోజు సాయంత్రం నేను మా వాకిట్లో ఆటో కడుక్కుంటుంటే వినిపించింది.

"హా..."

చిన్నగా, దొంగతనంగా. అయినా ఆ "హా" ఎవరిదో నాకు తెలియదా? తర్వాత ముత్తెన్నే ఒప్పుకున్నాడు: నిద్రపోయినట్టు కళ్లు మూసుకున్నాడు, అవ్వ వచ్చిన అలికిడి విన్నాడు, చొక్కా తనే కొంచెం పైకి జరుపుకున్నాడు. అవ్వ కోత మీది గుడ్డ పొర తీసి ఈక తిప్పింది. ఇద్దరికీ ఎరుకే, ఇద్దరూ ఎరగనట్టే ఉన్నారు. విన్నవాణ్ని నేను పోయి ఆపవద్దా? ఆపలేదు. మా ఇంట్లో పొయ్యి ముట్టించమని చెప్పాను.

మూడు రోజులకు ముత్తెన్న చలికాలపు దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఎండాకాలం అది. దగ్గర కూర్చుంటే ఏదో తేడాగా ఉంది.

"అన్నా, వాసనొస్తుందేందే?"

"ఎలుక సచ్చినట్టున్నది. అటక మీద చూడు."

నేనూ, అప్పటికి ఇంకా పిట్లం పోని భూమేశూ అటక మీది సామానంతా దింపాం. పాత పెట్టెలు, విరిగిన నాగలి, మూడు చేటలు, ఎవరిదో తెలియని ఒక చెప్పు. ఎలుక లేదు. ఆముదం గిన్నె కూడా లేదు. మధ్యాహ్నం దాకా వెతికాం. భూమేశ్ అయితే ఎలుక దూలంలో దూరిందని దూలం కొయ్యడానికి రంపం అడిగాడు. ప్రేమల వదిన మా ఇద్దరినీ, కప్పుకున్న దుప్పటినీ మార్చి మార్చి చూసి, చరచరా వచ్చి దుప్పటి లాగేసింది.

బొడ్డు చుట్టూ అరచెయ్యంత మేర ఎర్రగా ఉబ్బి, నడిమధ్య నుంచి చీము కారుతోంది. ఒళ్లు పెనంలా కాలుతోంది.

"ఎందుకు దాచినవయ్యా?" అంది వదిన.

ముత్తెన్న అవ్వ వైపు చూడకుండా గోడ వైపు చూశాడు. "ఊరికెనే ఎర్రగైంది" అన్నాడు.

ఆటో తీశాను. భూమవ్వ ఎవరూ పిలవకుండానే వచ్చి ఎక్కింది. కొంగులో గిన్నె దాచుకుని ఉంది. వెనక సీట్లో ముత్తెన్న కొంచెం దూరం ఊరుకుని, ముందుకు వంగి నా చెవిలో అన్నాడు.

"పోచన్నా, పాత దారిల పోరాదురా. గుంతలు ఏమన్న మిగిలినయేమో."

"గుంతలు చీము తియ్యయన్నా."

"జెర ఎతుకు."

ఆ మాటకు నవ్వొచ్చింది, నవ్వలేదు. ఆటో ఎంత మెల్లగా పోనిచ్చానంటే, నా బతుకులో మొదటిసారి నన్ను ఒక ఎద్దుల బండి దాటేసి పోయింది. పోనీ, అతిశయోక్తి అనుకోండి. సైకిలు దాటింది, అది నిజం.

డాక్టర్ గోవర్ధన్ చూడగానే మొహం గంభీరంగా పెట్టాడు. "ఏం వేసినరు దీని మీద?"

"నేనే సార్. నేనే ఏసుకున్న" అన్నాడు ముత్తెన్న.

"అబద్ధమాడుతుండు" అంది భూమవ్వ. "నేనేసిన." కొంగు విప్పి గిన్నె, ఈక బల్ల మీద పెట్టింది.

డాక్టర్ చిమటాతో ఈకను ఎత్తి చూశాడు. "దీని వయసెంత అవ్వా?"

"పదిహేనేండ్లు."

ప్రసన్న రెండడుగులు వెనక్కి వేసింది.

"సంచి పెడతరా సార్?" అని ముత్తెన్న అడిగాడు. ఒక్కటే మాట, పిల్లవాడిలా.

"చెప్పలేను. పై కోతల చీము పడ్డదా, లోపల అతుకు కూడా చెడ్డదా, స్కానింగ్ తీస్తే తెలుస్తది."

స్కానింగ్ గది బయట బెంచీ మీద ఒకవైపు ప్రేమల వదిన, ఒకవైపు భూమవ్వ, మధ్యలో నేను. అవ్వ తన రెండు అరచేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తోంది. "ఈ చేతులతోనే గదరా పెంచిన" అంది. వదిన నా మీదుగా చెయ్యి చాచి అత్త చెయ్యి పట్టుకుంది.

గంటకు డాక్టర్ వచ్చాడు. "అతుకు మంచిగున్నది. లోపలికి పోలేదు. చర్మం కిందనే చీము."

ప్రేమల వదిన ఏడ్చింది. నేను ఏడవలేదు, నా కంట్లో ఆ రోజు ఏదో పడింది, రెండు కళ్లలోనూ.

కుట్లు విప్పి, చీమంతా తీసి, కడిగారు. ఆ కోతను మళ్లీ కుట్టకూడదట. తెరిచే ఉంచి, ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డ రోజూ కొత్తది కూరాలి. అడుగు నుంచి కొత్త కండ పెరుగుతూ పైకి రావాలి. మూడు నాలుగు వారాలు పడుతుంది.

"రోజు ఎవరు చేస్తరు ఇంటికాడ?" అని డాక్టర్ అడిగాడు.

"నేను చేస్త" అన్నాను.

"నువ్వు తప్ప" అన్నాడు.

ప్రేమల వదిన నోరు తెరిచింది గానీ, డాక్టర్ అప్పటికే భూమవ్వ వైపు తిరిగాడు. "అవ్వా, నలభై ఆరేండ్ల సంది ఒక్క దినం తప్పకుండా ఏసినవట. మందు కూడ అట్లనే ఒక్క దినం తప్పకుండ ఎయ్యాలె. చేస్తవా?"

అవ్వ నమ్మలేనట్టు చూసింది. "నేనా? నేను పాడు చేసినదాన్ని గదా బిడ్డా."

"అందుకే. నీకన్న ఎక్కువ భయం ఎవరికి ఉంటది?"

రెండు రోజులు ప్రసన్న దగ్గర నిలబడి నేర్చుకుంది. ముందు చేతులు కడగడం. "సబ్బుతోని ముప్పై లెక్కపెట్టేదాక రుద్దాలె" అంటే, "నాకు లెక్క ఇరవై దాకనే వస్తది" అంది. అవ్వే దారి చెప్పింది: "బియ్యం కడిగినట్టు కడుగుత. మూడు నీళ్లు. మూడో నీళ్లు తెల్లగ రావాలె." కడిగి చూపించింది. ప్రసన్న గడియారం చూసుకుంది. ముప్పైకి రెట్టింపు అయింది.

ప్రసన్న ఈకను చెత్త వేసే ఎర్ర డబ్బాలో పడేస్తుంటే అవ్వ, "జెర మెల్లగ ఎయ్యి బిడ్డా" అంది. "పదిహేనేండ్లు పనిచేసింది."

ఆ తర్వాతి మూడు వారాలు బాన్సువాడలో మా వాడంత శుభ్రమైన వాడ లేదు. భూమవ్వ గుమ్మం ముందు నీళ్ల బకెట్టు, సబ్బు, కర్ర పెట్టుకుని కూర్చుంది. కర్ర ఎందుకో అడిగినవాడు లేడు. వచ్చినవాళ్లు మూడు నీళ్లు కడిగి, ఆమె ముక్కు దగ్గర చేతులు పెట్టాలి. ఆమె వాసన చూసి తల ఊపితే లోపలికి. భూమేశ్ మళ్లీ పిట్లం నుంచి వచ్చి, "అత్తా, నేను అల్లుణ్నే" అన్నాడు.

"అల్లునివైతే నాలుగు నీళ్లు" అంది.

నన్ను అసలు రానివ్వలేదు. ఆటో గ్రీజు అంటిన నా చేతులు చూసి, "నీ చేతులు కడిగితే సబ్బు మైలపడతది. గాడనే కూసో" అని వాకిట్లో కూర్చోబెట్టింది. నేను అక్కడి నుంచే ముత్తెన్నకు ఊరి కబుర్లు గట్టిగా అరిచి చెప్పేవాణ్ని. రోజూ పొద్దువాలగానే ఆయన వెల్లకిలా పడుకుని "అవ్వా, వెయ్యి" అనేవాడు. అవ్వ చేతి తొడుగులు వేసుకుని, మరిగించిన చిమటా, తడిగుడ్డ పట్టుకుని వచ్చేది. పాత గుడ్డ తీసేటప్పుడు ముత్తెన్న "హా" అనేవాడు కాదు, "అమ్మో" అనేవాడు. మా ఇంట్లో పొయ్యి దాన్ని బట్టే ముట్టించడం నేర్చుకున్నారు.

ఇరవై ఆరో రోజుకు కోత మూసుకుపోయింది. డాక్టర్ చూసి మెచ్చుకుని, "మా సిస్టర్లు కూడ ఇంత మంచిగ చెయ్యరు" అన్నాడు. ప్రసన్న ఆయన వైపు చూసిన చూపు నేను రాయను. అవ్వ గొంతు సవరించుకుంది.

"ఇగ ఆముదం?"

"ఇంకో నెల ఆగు. కొత్త గిన్నె, కడిగిన చెయ్యి. ఈక లేదు. ఒక్కటే చుక్క."

ఆ నెల గడిచిన రోజు సాయంత్రం నేను కావాలనే వాళ్ల వాకిట్లో ఉన్నాను. ముత్తెన్న స్నానం చేసి నులకమంచం మీద వాలాడు. అవ్వ మూడు నీళ్లు కడుక్కుని, కొత్త స్టీలు గిన్నె తెచ్చి, వేలి కొసతో ఒక చుక్క వేసింది. ముత్తెన్న కళ్లు మూసుకుని ఎదురు చూస్తున్నాడు.

"ఏసినవా అవ్వా?"

"ఏసిన. నిలుస్తలేదు."

వంగి చూశాను. నేను బొటనవేలితో కొలిచిన బొడ్డు లేదు. కొత్త కండ పెరిగి పూడిపోయింది, అరచెయ్యిలా చదునుగా ఉంది. చుక్క జారి, పొట్ట పక్కనుంచి పారి, మంచం నులకలో ఇంకిపోయింది. ఇంకో చుక్క వేసింది. అదీ అంతే. వడ్లగింజ మొలిచిన నేల అది, అబద్ధమైనా సరే నాకు దిగులేసింది.

ముత్తెన్న కళ్లు తెరవలేదు. "పోనీ తియ్యే అవ్వా" అన్నాడు.

"ఆగు. ఒడ్డు కడుతున్న" అంది భూమవ్వ.

ఎడమచేతి వేళ్లు గుండ్రంగా వంచి కొడుకు పొట్ట మీద ఆనించింది, మడి చుట్టూ గట్టు వేసినట్టు. మధ్యలో చుక్క వేసి, అది పారకుండా చెయ్యి కదపకుండా కూర్చుంది. ఎండ్రికాయ బొక్కంత సందు కూడా వదల్లేదు.

కొంచెంసేపటికి "హా..." వినిపించింది. మూడిళ్లకు.

మా ఇంట్లోంచి పొగ లేచింది.